నిచ్చెనమ్మ కుడిచెయ్యి

ఆమెను అందరూ నిచ్చెనమ్మ అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి కాగితాల్లో ఉంది గానీ, దానితో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలికేది కాదు. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషి. ఇళ్ళకు రంగులు వేయడం ఆమె పని. మామూలు గదుల్లో చిన్న స్టూలు ఎక్కితే చాలు, పైకప్పు ఆమె చేతికి అందేది.

భర్తదీ అదే పని. ఆయన ఆమె భుజం దాకా వస్తాడు. కాస్త గుండ్రంగా ఉంటాడు, ఎప్పుడు చూసినా నేల మీద కూర్చుని ఏదో ఒక రంగు కలుపుతుంటాడు కాబట్టి ఆయన్ని బకెట్టు అన్నారు. పెళ్ళైన కొత్తలో ఈ పేర్లకు ఇద్దరూ చిన్నబుచ్చుకున్నారు. పోనుపోను, "నిచ్చెనా బకెట్టూ ఖాళీగా ఉన్నారా?" అని ఎవరైనా ఫోన్ చేస్తే పని దొరికిందని సంతోషించడం నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్ళుగా వాళ్ళ పని పంపకం ఒకటే. నేల నుంచి బకెట్టు తల ఎత్తు దాకా ఆయనది, అక్కణ్ణుంచి పైన అంతా ఆమెది. ఎందుకంటే నిచ్చెన రెండో మెట్టు దాటితే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పడు. "పైన మా ఆవిడ బాగా వేస్తుంది, ఆమె పనిలో నేను వేలు పెట్టను" అంటాడు. అది అబద్ధమూ కాదు. పైకప్పుకు రోలరు తిప్పుతూ నేల మీద చుక్క రాలనివ్వకపోవడం అందరికీ చేతనయ్యే విద్య కాదు. నిచ్చెనమ్మది చేయి తిరిగిన పని.

ఆ తిరిగిన చెయ్యే ఒక ఏడాది తిరగనని మొరాయించింది.

నలభై ఆరో ఏట స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. ఆమె నాన్చలేదు. మర్నాడే ఆసుపత్రికి వెళ్ళింది. క్యాన్సరన్నారు. ముందు కీమో ఎక్కించారు, జుట్టంతా రాలింది. "పోనీలే, ఇకమీదట రంగు పడితే గుడ్డతో ఒక తుడుపు తుడిస్తే సరి" అని నవ్వేసింది. తర్వాత ఆపరేషన్ చేసి రొమ్మూ, చంకలోని లింఫు బిళ్ళలూ తీసేశారు. ఆఖరుకు కరెంటు పెట్టాలని, అంటే రేడియేషన్ ఇవ్వాలని, దానికి ఐదారు వారాల తర్వాత రమ్మని ఇంటికి పంపించారు.

పంపించేటప్పుడు నర్సు ఒక కాగితం ఇచ్చింది. దాని మీద ఒక బొమ్మ మనిషి చెయ్యి రకరకాలుగా ఎత్తుతూ దించుతూ ఉంది. రోజూ ఇలా చేయాలని నర్సు చెప్పింది కూడా. ఆ కాగితం అత్త చేతిలో పడింది.

అత్తకు డెబ్భై మూడేళ్ళు. దర్జీ పని చేసి కొడుకును పెంచిన మనిషి, కుట్ల గురించి తనకు తెలియనిది లేదని ఆవిడ నమ్మకం. కాగితాన్ని ఎగాదిగా చూసి మడిచి మందుల డబ్బా కింద పెట్టింది.

"కొత్త కుట్టు మీద గుడ్డ లాగితే ఏమవుతుందే? పిగులుతుంది. చర్మమూ అంతే. కదిలించకు" అంది. పాత తువ్వాలు ఒకటి తెచ్చి, కోడలి చెయ్యి మడిచి, మెడకు కట్టి వేలాడదీసింది.

నిచ్చెనమ్మకూ అదే హాయిగా తోచింది. చెయ్యి కదిపితే చంకలో ఎవరో గుంజుతున్నట్టు ఉండేది. పైగా అత్త కంచంలో అన్నం కలిపి తెచ్చి పెట్టడం ఇరవై ఏళ్ళ కాపురంలో ఇదే మొదలు. ఎవరు వద్దంటారు? పలకరించడానికి వచ్చిన ఇరుగు పొరుగు కూడా "చెయ్యి జాగ్రత్తమ్మా, కదపకు" అనే చెప్పి పోయారు.

అలా ఐదు వారాలు గడిచాయి. గాయం చక్కగా మానింది. చెయ్యి మాత్రం కట్టు విప్పినా కట్టులో ఉన్నట్టే ఉండిపోయింది. అలమరలో పై అర నుంచి గ్లాసు తీయబోతే సగంలో ఆగిపోయింది. రవిక తొడుక్కోవడానికి బకెట్టు సాయం పట్టాల్సి వచ్చేది. అంతకంటే వింత ఇంకొకటి కనబడింది. చెయ్యి పక్కకు చాపితే చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద సన్నటి తాడు ఒకటి బిర్రుగా తేలేది. డాక్టర్లు దారం లోపలే మర్చిపోయారని ఆమె తీర్మానించుకుంది. వాళ్ళకు చెబితే మళ్ళీ కోస్తారేమోనని నోరు మెదపలేదు.

కరెంటు పెట్టే ముందు కొలతలు తీసుకుంటామని ఆసుపత్రి వాళ్ళు పిలిచారు. సన్నటి బల్ల మీద పడుకోబెట్టారు. తలవైపు గుండ్రంగా, పెద్ద కన్నంతో ఒక యంత్రం ఉంది.

"రెండు చేతులూ తల మీదికి ఎత్తి, అదిగో ఆ పిడి పట్టుకోండమ్మా" అన్నాడు టెక్నీషియన్.

ఎడమ చెయ్యి వెళ్ళి పిడి పట్టుకుంది. కుడిది భుజం దాకా వెళ్ళి ఆగింది.

"ఇంకొంచెం."

"ఇంతే."

"కొద్దిగా ప్రయత్నించండమ్మా."

ప్రయత్నించింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి గానీ చెయ్యి రాలేదు. అతను పోయి డాక్టరును పిలుచుకొచ్చాడు. చెయ్యి పైకి పెట్టకపోతే మనిషి ఆ కన్నంలోకి సరిగ్గా పట్టదు, పట్టినా కిరణాలు పడాల్సిన చోటికి చెయ్యే అడ్డం వస్తుందని ఆయన నెమ్మదిగా చెప్పాడు. "రెండు వారాలు ఆగుదాం. అంతకంటే ఆలస్యం చేయడం నాకిష్టం లేదు. కింద ఫిజియోథెరపీ గది ఉంది, ఇప్పుడే వెళ్ళి పేరు రాయించుకోండి" అన్నాడు.

పేరు రాయించుకుని బయటికి వచ్చి మొగుడూ పెళ్ళాలు బస్టాపులో కూర్చున్నారు. రెండు బస్సులు వచ్చి పోయాయి. ఎవరూ లేవలేదు.

"ఊళ్ళో వాళ్ళందరి నెత్తి మీదా రంగు వేశానయ్యా" అంది నిచ్చెనమ్మ చివరికి. "నా నెత్తి మీదికి నా చెయ్యి పోలేదు చూడు."

బకెట్టు చెప్పు అంచుతో నేల గీరాడు. "రెండు వారాలంటే రెండు పోర్షన్లకు రంగు వేసేంత టైము" అన్నాడు. ఓదార్పు మాటలు ఆయనకు అంతకంటే రావు. ఆమెకు అది చాలింది. మూడో బస్సు ఎక్కారు.

మర్నాడు ఫిజియోథెరపీ గదికి అత్త కూడా వెంట వచ్చింది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా బొమ్మలు. అక్కడి డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయేమో, పరుగు పందేనికి పోయే బూట్లు వేసుకుంది, గొంతు పెద్దది. ప్లాస్టిక్ స్కేలు లాంటిది ఒకటి భుజానికి ఆనించి కొలిచి, "ఎనభై అయిదు" అంది.

"నూటికా?"

"నూట ఎనభైకి."

"అయితే సగం కూడా రాలేదన్నమాట. తప్పాను."

"పరీక్ష ఇంకా అయిపోలేదు లెండి." డాక్టరమ్మ చెయ్యి పక్కకు చాపించి ఆ తాడును వేలితో మీటింది. "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"మూడు వారాలు. దారం మర్చిపోయారు కదమ్మా, నాకు తెలుసులే. ఎవరి మీదా ఫిర్యాదు చేయను."

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "దారం కాదమ్మా. చంకలో బిళ్ళలు తీసేశారు కదా, వాటికి వెళ్ళే సన్నటి గొట్టాలు ఇలా బిగుసుకుపోయి తాడులా తేలతాయి. మీకొక్కరికే కాదు, చాలామందికి వస్తుంది. నెమ్మదిగా సాగదీస్తుంటే పోతుంది. అది సరే, చెయ్యి ఇంత బిగిసిందేంటి? కాగితం ఇవ్వలేదా మీకు?"

"ఇచ్చారు. చెయ్యి మెడకు కట్టేసుకున్నాను."

"ఎవరు కట్టమన్నారు?"

కుర్చీలోని అత్త గొంతు సవరించుకుంది.

"నేనే కట్టాను" అంది. "కుట్లు పిగులుతాయనుకున్నా. నాకు తెలిసింది గుడ్డ సంగతి, ఒంటి సంగతి కాదు. అయిందేదో అయింది, ఇప్పుడేం చేయాలో నాకు చెప్పమ్మా. ఇంటి దగ్గర దీనితో చేయించేదాన్ని నేనే."

డాక్టరమ్మ కోప్పడటం మానేసి రెండో కుర్చీ లాక్కుని అత్త ఎదురుగా కూర్చుంది. ఏది ఎన్నిసార్లో, ఎక్కడ ఆపాలో వివరంగా చెప్పింది. లాగుతున్నట్టు ఉంటే ఫరవాలేదు, కత్తి దిగినట్టు ఉంటే ఆపాలి. ఒకేసారి గంటసేపు కాదు, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా. వెల్లకిలా పడుకుని కర్రను రెండు చేతులతో పట్టుకుని, మంచి చెయ్యి సాయంతో రెండోదాన్ని తల వెనక్కి తీసుకెళ్ళాలి. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో మెట్లెక్కినట్టు పైకి నడిపించాలి.

"రండి, ఒకసారి చేసి చూపించండి."

నిచ్చెనమ్మ గోడ దగ్గర నిలబడి వేళ్ళు ఆనించింది. రెండు జానలు ఎక్కి ఆగింది.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు. ఈ గోడకు లప్పం పట్టించకుండా రంగు వేసిన మహానుభావుడు ఎవరా అని. చేతికి ఇసుక తగులుతోంది."

ఇంట్లో అత్త పాలన మొదలైంది. ఐదు వారాలు కోడల్ని కదలనివ్వని మనిషి ఇప్పుడు కూర్చోనివ్వలేదు. పాత రోలరు కర్ర ఒకటి కొలతకు కోయించింది. వంటింటి గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, పక్కన తేదీ వేసింది. "ఒకటీ, రెండూ" అంటూ లెక్కపెట్టేది. నిచ్చెనమ్మ మాటల్లో పెట్టి ఏడు నుంచి తొమ్మిదికి దూకితే, "ఎనిమిది ఏ ఊరు పోయిందే?" అని వెనక్కి లాక్కొచ్చేది. తోడుగా తనూ పక్కనే నిలబడి గోడ ఎక్కేది. ఆవిడకు ఎడమ భుజం ఏళ్ళ తరబడి పట్టేసి ఉంది, ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి ఆవిడ గీత కోడలి గీత కంటే జానెడు పైన ఉంది. ఆ సంగతి రోజుకొకసారైనా ఎత్తకుండా ఉండేది కాదు.

ఈలోపు బకెట్టుకు వేరే కష్టం వచ్చిపడింది. ముందే ఒప్పుకున్న పని ఒకటుంది, సంగీతం మాస్టారి ఇల్లు. గోడలైపోయాయి, హాలు పైకప్పు మిగిలింది. మాస్టారు మంచివాడే గానీ విద్యార్థులు వచ్చే రోజు దగ్గర పడుతోంది. గత్యంతరం లేక బకెట్టు నిచ్చెన ఎక్కాడు. మూడో మెట్టు మీద కళ్ళు మూసుకున్నాడు, మూసుకునే నాలుగోది ఎక్కాడు. కళ్ళు మూసుకుని పైకప్పుకు రంగు వేసినవాడు లోకంలో ఆయన ఒక్కడే అయి ఉండాలి. సాయంత్రం ఇంటికి వస్తే చెవుల్లోనూ కనుబొమల్లోనూ తెల్లరంగే.

"పైకప్పుకు ఏమైనా మిగిల్చావా?" అని అడిగింది తల్లి.

ఆయన నవ్వకుండా పెళ్ళాం వైపు తిరిగాడు. "ఒకసారి వచ్చి చూడవే. నువ్వేం చేయొద్దు, ఎక్కడ తప్పో చెప్పు చాలు."

ఆమె వెళ్ళి తల పైకెత్తి చూసింది. పైకప్పు నిండా దేశపటాలు. ఒకచోట మందం, ఒకచోట పలుచన, మధ్యలో సముద్రాలు. ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది గానీ ఆపుకుంది. ఎత్తులంటే వణికే మనిషి తన కోసం ఆ నాలుగు మెట్లు ఎక్కాడు.

"రోలరు తడి ఆరకముందే పక్క పట్టీ వేయాలయ్యా. నువ్వు దిగి, చెమట తుడుచుకుని, మళ్ళీ ఎక్కేలోపు ఆరిపోతోంది" అంది మెల్లగా. "అంతే తప్పు. చెయ్యి బాగానే ఉంది."

పదో రోజున మాత్రం ఆమె గుండె జారింది. గీత మూడు రోజులుగా ఒకే చోట ఉంది. నూట పద్దెనిమిది. చంకలో ఆ తాడు గోడకు కొట్టిన మేకులా పట్టుకుని వదలడం లేదు. ఫిజియోథెరపీ గదిలో కర్ర బల్ల మీద పడేసి, "నా వల్ల కాదమ్మా, చేతులెత్తేశాను" అంది.

డాక్టరమ్మ ఆమె చేతుల వైపు చూసింది. "ఎక్కడ ఎత్తారు? ఎత్తమనే కదా పది రోజుల నుంచి బతిమాలుతున్నా."

కుర్చీలోని అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలిపోతున్నాయి. నిచ్చెనమ్మా నవ్వకుండా ఉండలేకపోయింది. ఆ నవ్వులోనే డాక్టరమ్మ ఆమెను పడుకోబెట్టి, ఒక చేత్తో మోచెయ్యి పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో తాడు వెంబడి చర్మాన్ని నెమ్మదిగా సాగదీస్తూ పోయింది. లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమంది. నిచ్చెనమ్మ అదిరిపడింది.

"ఏదో తెగిందమ్మా."

"తెగితే మంచిదే. ఒక్కోసారి ఇలా వదులుతుంది, భయం లేదు. ఇప్పుడు ఎత్తండి."

ఎత్తింది. చెయ్యి లేచింది. నిన్నటి గీత దాటి, అత్త గీత కూడా దాటేంత లేచింది. నూట నలభై. అత్త ముందుకు వంగి స్కేలు తన కళ్ళతో తనే చూసి, "ఇంటికెళ్ళాక నేనూ ఇంకో జానెడు పెంచాలి" అంది.

చెప్పిన గడువులోనే నిచ్చెనమ్మ మళ్ళీ ఆ సన్నటి బల్ల మీద పడుకుంది. ఎడమ చెయ్యి వెళ్ళింది. కుడిది కొంచెం ఆలోచించుకుంటూ వెళ్ళి పిడి అందుకుంది. టెక్నీషియన్ ఇంకొంచెం అనలేదు. "చాలమ్మా, కదలకండి" అన్నాడు. ఆ మాట వినడానికి ఆమె ఎంత కష్టపడిందో అతనికి తెలియదు. తర్వాత మూడు వారాల్లో పదిహేను సార్లు అలాగే పడుకుంది. యంత్రం చుట్టూ తిరుగుతుంటే పైకప్పు చూస్తూ, ఏ మూల నుంచి మొదలుపెడితే ఎన్ని పట్టీల్లో పూర్తవుతుందో లెక్క వేసుకునేది.

కరెంటు అయిపోయాక చర్మం కమిలి, భుజం మళ్ళీ కొంత బిగిసింది. అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఈసారి కంగారు పడలేదు. వంటింటి గోడ మీద గీతలు సాగుతూనే ఉన్నాయి.

నాలుగు నెలలకు తిరిగి పనిలోకి దిగింది. మొదటి పని తనే ఎంచుకుంది, సంగీతం మాస్టారి పైకప్పు. ఆ దేశపటాలు ఆమెకు నిద్రలో కూడా కనబడుతున్నాయి. మాస్టారు అడగలేదు, అయినా వెళ్ళింది. కొత్త ఉత్సాహం కదా, పొద్దున ఎక్కిన మనిషి సాయంత్రం దాకా దిగలేదు. హాలు అద్దంలా వచ్చింది. మర్నాటికి కుడిచెయ్యి తడిసిన గోనెసంచిలా బరువెక్కింది. వాచీ తీస్తే పట్టీ గుర్తు మణికట్టు మీద గాడిలా పడి ఉంది.

ఈసారి ఆమె దాచలేదు. దారమనీ అనుకోలేదు. తిన్నగా ఆసుపత్రికి పోయి చెయ్యి చాపింది.

డాక్టరమ్మ టేపుతో రెండు చేతులూ కొలిచింది. "చంకలో బిళ్ళలు లేవు కదా, చేతిలోని నీరు వెనక్కి పోయే దారి ఇరుకైంది. ఒక్కసారిగా ఎక్కువ పని పెడితే ఇలా ఆగిపోతుంది. తొందరగా వచ్చారు, అదృష్టం."

"అయితే ఇంక పైకప్పులు మానుకోవాలా?" ఆ ప్రశ్న అడగడానికి ఆమె ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది.

"మానుకోమని ఎవరన్నారు? చెయ్యి వాడాలి. కాకపోతే ఒక్కరోజులో కాదు, వారం వారం కొంచెం పెంచుకుంటూ. మధ్యలో విశ్రాంతి, పని చేసేటప్పుడు ఈ బిగుతు తొడుగు, చేతికి గ్లౌజు. ఉప్పుకాగితం గీసుకున్నా, తెగినా వెంటనే కడిగి మందు రాయండి. ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే రావాలి. ఈ వాపు పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేను, అదుపులో మాత్రం ఉంచొచ్చు."

తొడుగు మణికట్టు నుంచి భుజం దాకా ఉంది, మట్టిరంగుది. నిచ్చెనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇరవై ఏళ్ళు రంగుల్లో బతికినదానికి ఈ రంగా తల్లీ?"

"నీలం కూడా ఉంది" అంది డాక్టరమ్మ.

నీలం తీసుకుంది.

ఇది జరిగి మూడేళ్ళయింది. కుడిచెయ్యి నూట అరవై అయిదు దగ్గర స్థిరపడింది, ఆ మిగతా పదిహేను ఆమెకు అక్కర్లేదు. చలి రోజుల్లో పొద్దున కాస్త పట్టేస్తుంది. అప్పుడు టీ కంటే ముందు గోడ. కుడిచెయ్యి విశ్రాంతి తీసుకునేటప్పుడు ఎడమ చేత్తో వేయడం నేర్చుకుంది. మొదట్లో పిల్లలు దిద్దినట్టు వచ్చేది, ఇప్పుడు ఏ పట్టీ ఏ చేతిదో బకెట్టు కూడా చెప్పలేడు. ఆయన కళ్ళు తెరిచే నాలుగో మెట్టు ఎక్కుతున్నాడు. ఐదోది అడగొద్దని షరతు.

మంగళవారాలు అత్తాకోడళ్ళు ఆసుపత్రికి వెళ్తారు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళతో మాట్లాడటానికి ఎవరైనా ఉంటే బాగుండునని డాక్టరమ్మే అడిగింది. కోడలు ఆడవాళ్ళ పక్కన కూర్చుంటే, అత్త వాళ్ళ వెంట వచ్చిన తల్లులనూ అత్తలనూ ఒక మూలకు పోగుచేస్తుంది. మొన్న ఒక బడి బస్సు నడిపే ఆమె మంచం దగ్గర, చెయ్యి కట్టేయొద్దని ఆమె తల్లితో అత్త గట్టిగా వాదిస్తుంటే నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది.

"మెల్లగా చెబితే వినే వయసా మాది?" అంది అత్త.

ఆ తల్లి ఫక్కున నవ్వింది. బస్సు నడిపే ఆమె దుప్పటి తొలగించి, ఆపరేషన్ అయిన చెయ్యిని మొదటిసారి మెల్లగా పైకి లేపి, "ఇంత లేపొచ్చా?" అని అడిగింది. నిచ్చెనమ్మ తన చెయ్యి ఆమె చేతి కింద ఆనించి, "లేపొచ్చు. నొప్పి దగ్గర ఆగు. రేపు ఇంకో వేలెడు" అంది.